పాత పిన్‌బాల్ మిషన్‌లో మోటారు ఆగకుండా తిరుగుతోందా? వైర్లు పీకకండి, ముందు పాయింట్లు చూడండి

అమలాపురం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. కాకినాడలో పాత సామాన్ల కొట్టులో ఒక పిన్‌బాల్ మిషన్ కొన్నారు. ఏటవాలు బల్ల మీద దొర్లే ఇనుప బంతిని ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో కొడుతూ స్కోరు చేసే ఆట పెట్టె అది. నలుగురు ఆడే మోడల్, స్కోరుకి అంకెల చక్రాలు తిరిగే రకం. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఆన్ చేస్తే బల్బులు వెలుగుతున్నాయి. స్టార్ట్ బటన్ నొక్కితే అంకెలన్నీ సున్నాకి వస్తున్నాయి కానీ లోపల మోటారు గర్రుమని తిరుగుతూనే ఉంటోంది, బంతి బయటికి రావడం లేదు. వారం నుంచి మధ్యమధ్యలో ఫ్యూజు పోతోంది. ఇనుప కాళ్ళు ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోంది. ఊళ్ళో ఎలక్ట్రీషియన్ చూసి, వైర్లన్నీ పాతబడ్డాయి, మొత్తం కొత్తగా లాగాలి అన్నారట. లాగించాలా వద్దా అని అడుగుతున్నారు.

వద్దండీ. ఇప్పుడప్పుడే ఒక్క వైరు కూడా మార్చొద్దు. మీరు చెప్పిన లక్షణాలకి కారణం దాదాపు ఎప్పుడూ వైరు కాదు, స్విచ్చు పాయింటు, అంటే స్విచ్చులో ఒకదానికొకటి ఆనే లోహపు బొడిపె. స్టార్ట్ అయ్యాక ప్రతి చక్రం, ప్రతి స్టెప్పరు (ఒక్కో మెట్టు కదులుతూ లెక్కపెట్టే భాగం) తన సున్నా స్థానానికి వచ్చానని చెప్పడానికి వెనక ఒక స్విచ్చు ఉంటుంది. వాటిలో ఒకటి విడిపోవాల్సిన చోట విడిపోవడం లేదు. ఫ్యూజు పోవడానికి కారణం బహుశా ఆ మోటారు అదే పనిగా తిరగడం వల్ల వేడెక్కిన ఒక కాయిల్ (కరెంటు పారితే ఇనుప కడ్డీని లాగే తీగ చుట్ట). జిల్లుమనడం మాత్రం వేరే సంగతి. మిగతావి వచ్చే నెల చూసుకున్నా ఫరవాలేదు, అది మాత్రం ఇవాళే సరిచేయాలి.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. గోదావరి జిల్లాల టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేశాను. అందులో మొదటి సగం స్ట్రోజర్ రకం పాత ఎక్స్‌ఛేంజీలే. మీరు ఫోన్ డయల్ మీద 5 తిప్పితే ఇక్కడ రాక్‌లో ఒక సెలెక్టరు టకటకా ఐదు మెట్లు ఎక్కేది. మా పనల్లా ఆ రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) పాయింట్లు తుడవడం, పత్తీల (పాయింట్లని మోసే సన్నటి రేకుల) బిగువు సరిచేయడం. 1970ల దాకా వచ్చిన పిన్‌బాల్ మిషన్ లోపల ఉన్నదీ అదే సరుకు. రిలేలు, మెట్టు మెట్టుగా కదిలే స్టెప్పర్లు, పత్తీల చివర ఆవగింజంత వెండి పాయింట్లు. అందులో కంప్యూటర్ లేదు, బోర్డు లేదు. మాది బ్యాటరీ మీద నడిచే 50 వోల్టుల డీసీ, వీటిది ఏసీ. ముఖ్యమైన తేడా అంతే. రిటైరయ్యాక ఒక తెలిసినాయన తన మిషన్ చూడమని పిలిస్తే వెళ్ళాను. అప్పట్నుంచి ఇప్పటికి తొమ్మిది మిషన్లు బాగుచేశాను. ఒక్కదానికీ మొత్తం వైరింగ్ మార్చాల్సిన అవసరం రాలేదు.

మొత్తం వైర్లు మార్చడం ఎందుకు ప్రమాదమో చెప్పాలి. ఈ మిషన్‌లో వందల వైర్లు ఉంటాయి. ఒక్కో వైరు మీద రెండు రంగుల గుర్తు, ఆ రంగులే కంపెనీ ఇచ్చిన సర్క్యూట్ మ్యాప్‌లో రాసి ఉంటాయి. ఎరుపు మీద తెలుపు చారలున్న వైరు ఏ రిలేకి వెళ్తుందో మ్యాప్ చూస్తే తెలుస్తుంది. వాటిని పీకేసి అన్నీ ఒకే ఎరుపు వైరుతో లాగితే ఆ మ్యాప్ ఇంక ఎందుకూ పనికిరాదు. అలా పాడుచేసిన మిషన్ ఒకటి నా దగ్గరికి వచ్చింది, చివరికి విడిభాగాల కింద అమ్ముకున్నారు. గుడ్డ చుట్టిన పాత వైరు చూడ్డానికి నల్లగా, మురికిగా ఉంటుంది. కానీ ఎలక కొరకనంత వరకు, కాయిల్ పక్కన మాడనంత వరకు, అది ఇంకా చాలా ఏళ్ళు పనిచేస్తుంది.

ముందుగా షాక్ సంగతి. ఈ మిషన్లు ఎక్కువగా అమెరికాలో తయారైనవి. షికాగోలో గాట్లీబ్, బ్యాలీ, విలియమ్స్ అని మూడు పెద్ద కంపెనీలు ఉండేవి. అక్కడి కరెంటు 115 వోల్టులు, 60 సైకిళ్ళు (హెర్ట్జ్). పాత వాటికి రెండు పిన్నుల ప్లగ్గే, ఎర్త్ లేదు. మనకి 230 వోల్టులు, 50 సైకిళ్ళు. మీరు స్టెప్ డౌన్ పెట్టారు, మంచిపని. కానీ బజారులో చవకగా దొరికేవి చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిలో లోపలికి వచ్చే లైనుకీ బయటికి పోయే లైనుకీ మధ్య విడదీత ఉండదు, ప్లగ్ తిరగేసి పెడితే ఫేజు నేరుగా మిషన్‌లోకి దిగుతుంది. పాత వైరు ఎక్కడైనా చెక్కకీ ఇనుముకీ ఆనిందంటే ఆ జిల్లు కాళ్ళ దాకా వస్తుంది.

చేయాల్సింది ఇది. మూడు పిన్నుల వైరు వేయించండి. ఆకుపచ్చ వైరుని ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప దిమ్మకి, నాణెం తలుపుకి, పక్క రేకులకి, నాలుగు కాళ్ళ బోల్టులకి కలపండి. మెయిన్ ఫ్యూజు ఫేజు వైరులోనే ఉండాలి. ఇంటి బోర్డులో 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే పెట్టించండి. మీ ఇంటి ఎర్త్ గుంట ఎండిపోయి లేదని కూడా చూసుకోండి. కోనసీమలో నేలంతా తడే, ఎర్త్ బాగానే పట్టాలి. కానీ ఉప్పు నేలల్లో రాడ్డు తుప్పు పట్టి తెగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఇదంతా అయ్యేదాకా మిషన్ ప్లగ్ తీసేసి ఉంచండి.

50 సైకిళ్ళ వల్ల ఇంకొక మార్పు ఉంటుంది. లోపలి స్కోరు మోటారు (మీకు ఆగకుండా తిరుగుతున్నది ఇదే) సుమారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. అది జబ్బు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. చెయ్యి ఆనించి పది సెకన్లు ఉంచగలిగితే మామూలే, ఉంచలేకపోతే ఆపి నాకు చెప్పండి.

ఇక అసలు విషయం, ఆగని మోటారు.

స్టార్ట్ నొక్కగానే ఏం జరుగుతుందో ముందు తెలియాలి. ఒక రిలే పట్టుకుంటుంది, అది స్కోరు మోటారుని తిప్పుతుంది. మోటారు ఇరుసు మీద పళ్ళున్న చక్రాలు ఉంటాయి, వాటి చుట్టూ పత్తీల గుత్తులు. ఇరుసు తిరుగుతుంటే ఆ పళ్ళు పత్తీలని లేపుతూ దించుతూ వరసగా పల్సులు పంపుతాయి. ఒక్కో పల్సుకి సున్నా కాని ప్రతి స్కోరు చక్రం ఒక్క అంకె జరుగుతుంది. 7 దగ్గర ఉన్నది మూడు పల్సుల్లో సున్నాకి వస్తుంది. అక్కడికి రాగానే దాని వెనక సున్నా స్విచ్చు విడిపోయి ఆ చక్రానికి పల్సులు ఆగుతాయి. చాలా మోడళ్ళలో ఆ సున్నా దగ్గర ఒకటి కన్నా ఎక్కువ జతల పత్తీలు ఉంటాయి. ఒక జత చక్రానికి పల్సు ఇస్తుంది. ఇంకో జత, ఇంకా అందరూ సున్నాకి రాలేదు, ఆగకు అని మోటారుకి చెబుతుంది. అన్ని చక్రాలూ, ఆటగాళ్ళ వంతు లెక్కపెట్టే స్టెప్పరూ, బంతుల లెక్క స్టెప్పరూ ఇంటికి, అంటే తమ మొదటి స్థానానికి, చేరితేనే స్టార్ట్ రిలే వదులుతుంది, మోటారు ఆగుతుంది, బంతిని తన్నే కాయిల్‌కి దారి దొరుకుతుంది.

మీ అంకెలన్నీ సున్నా చూపిస్తున్నాయి, అంటే పల్సులు ఇచ్చే జత బాగానే ఉంది. మోటారుకి కబురు చెప్పే జతల్లో ఒకటి మూసుకునే ఉండిపోయింది. లేదంటే ఏదో స్టెప్పరు ఇంటికి చేరలేదు. ఒక చక్రం సున్నా దాటి మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటే అప్పుడు పల్సు జతని అనుమానించాలి. ఒక చక్రం అసలు కదలకుండా 4 దగ్గరే నిలిచిపోతే దాని కాయిల్‌కి పల్సు అందడం లేదు, లేదా జిడ్డు పట్టి బిగుసుకుంది. మూడు రకాలూ చూడ్డానికి ఒకటే, "మోటారు ఆగట్లేదు". కానీ చూడాల్సిన చోటు ఒక్కోదానికి వేరు. అందుకే మిషన్ మూత తీయకముందే ఒక నిమిషం నిలబడి ఏ చక్రం ఏం చేస్తోందో కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు దొంగని పట్టే పద్ధతి. నేను ఎక్స్‌ఛేంజీలో నేర్చుకున్నది, ఖర్చు లేనిది. ఒక పాత పెళ్ళి శుభలేఖ తీసుకోండి, మంచి దళసరి కాగితం అయ్యుండాలి. వేలెడు వెడల్పున పది పట్టీలు కత్తిరించండి. ప్లగ్ తీసేసి, మొదటి చక్రం వెనక సున్నా స్విచ్చులో మోటారుకి కబురు చెప్పే జత పాయింట్ల మధ్య ఒక పట్టీ దూర్చండి. ప్లగ్ పెట్టి స్టార్ట్ నొక్కండి. మోటారు ఆగలేదా? ప్లగ్ తీయండి, పట్టీ రెండో చక్రానికి మార్చండి. నలుగురు ఆడే మిషన్‌కి పదహారు, కొన్నిటికి ఇంకా ఎక్కువ చక్రాలు ఉంటాయి, ఓపిక కావాలి. ఏ చక్రం దగ్గర పట్టీ పెట్టగానే మోటారు ఠక్కున ఆగి బంతి బయటికి వచ్చిందో, అదే మీ దొంగ. చక్రాలన్నీ అయినా దొరకకపోతే ఇదే పని స్టెప్పర్ల ఇంటి స్విచ్చుల దగ్గర చేయండి.

మోటారు ఆగకపోతే ఎక్కువసేపు తిరగనివ్వకండి. పది పదిహేను సెకన్లు చాలు, తర్వాత ఆపేయాలి. మోటారు తిరిగినంతసేపూ రీసెట్ కాయిల్స్ మీద దెబ్బ మీద దెబ్బ పడుతూనే ఉంటుంది. అవి క్షణకాలం పనిచేయడానికి చుట్టినవి, అదే పనిగా పనిచేయడానికి కాదు. ముందు వేడెక్కుతాయి, తర్వాత లోపల చుట్ల మీది ఇనామెల్ పూత కరుగుతుంది, చుట్టుకి చుట్టు అతుక్కుంటుంది. మీ ఫ్యూజు కథ ఇక్కడే మొదలై ఉంటుందని నా అనుమానం.

దొంగ స్విచ్చు దొరికాక దాన్ని ఏం చేయాలి? వెంటనే ప్లాస్ (పట్టకారు) పెట్టి వంచెయ్యకండి. చాలా మిషన్లు ఇక్కడే పాడవుతాయి. టార్చి వేసి పక్కనుంచి చూడండి. మూసుకుని ఉన్న పత్తీ విడిపోవడానికి సున్నా దగ్గర ఒక మేకు గానీ గాడి గానీ దాన్ని తోస్తుంది. ఆ తోపు తగులుతోందా? తగిలినా పాయింట్ల మధ్య ఖాళీ రావట్లేదా? ఒక్కోసారి పాయింటు చివర ఒక మొన లేచి అవతలి పాయింటులోకి గుచ్చుకుని ఉంటుంది, విడదీస్తే చిన్నగా టిక్ మంటుంది. ఒక్కోసారి పత్తీల మధ్య ఉండే ఫైబర్ ముక్క పగిలి రెండు పత్తీలు నేరుగా ఆనుకుని ఉంటాయి. కారణం కంటికి కనిపించాకే చెయ్యి పెట్టాలి.

వంచాల్సి వస్తే పత్తీ మొదలు దగ్గర, అంటే స్క్రూలతో బిగించిన గుత్తి పక్కనే, వంచే పనిముట్టుతో కొద్దిగా వంచండి. చివర వంచితే పత్తీ మెలి తిరిగిపోతుంది, పాయింట్లు ఒకదానికొకటి ఎదురుగా రావు. విడిపోయినప్పుడు ఖాళీ ఒకటిన్నర మిల్లీమీటర్ దాకా ఉంటే సరిపోతుంది. మూసుకున్నప్పుడు పాయింటు ఆనిన తర్వాత కూడా పొడవు పత్తీ ఇంకొంచెం ముందుకి నెట్టుకెళ్ళాలి. ఆ చిన్న రాపిడే ప్రతిసారీ పాయింటుని శుభ్రం చేసుకుంటుంది. మా ఎక్స్‌ఛేంజీలో పెద్దాయన ఒకరు కొత్తగా చేరిన మాకు నెల రోజులు ఇది తప్ప ఇంకేం నేర్పలేదు.

పాయింట్లు తుడవడానికి మామూలుగా శుభలేఖ పట్టీయే చాలు. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, పాయింట్ల మధ్య పెట్టి, వేలితో మెల్లగా నొక్కి లాగండి. నల్లటి గీత వస్తుంది. గీత రాకుండా అయ్యేదాకా లాగండి. బాగా గుంటలు పడినవాటికి సన్నటి కాంటాక్ట్ ఫైల్ వాడొచ్చు. ఎమరీ కాగితం మాత్రం వద్దు, దాని రవ్వలు వెండిలో దిగబడి ఉండిపోతాయి. ఫ్లిప్పర్ల దగ్గర ఉండే పెద్ద పాయింట్లు టంగ్‌స్టన్, గట్టివి. వాటికి కాగితం ఏమీ చేయదు, ఫైలే కావాలి.

నూనె పెట్టొద్దు. ఏ నూనే వద్దు. మన వైపు ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కోనసీమలో బిగుసుకున్న ప్రతిదానికీ కొబ్బరి నూనె రాయడం అలవాటు. పాలకొల్లు దగ్గర ఒక మిషన్‌కి ఇంటాయన ప్రేమగా ప్రతి దసరాకీ స్టెప్పర్లన్నిటికీ కొబ్బరి నూనె రాసేవారు. నేను చూసేసరికి అది ముదిరి తేనెపాకంలా పసుపుగా గడ్డకట్టింది, దానిలో చీమలు అతుక్కుని చచ్చిపోయి ఉన్నాయి. స్టెప్పరుని వేలితో ముందుకి తోస్తే వెళ్తుంది, వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగలేకపోతోంది. ఆయన మిషన్‌కి ఉన్న జబ్బూ మీదే, మోటారు ఆగదు. మూడు స్టెప్పర్లనీ విడదీసి ఆల్కహాల్‌తో కడిగి, పొడిగా బిగించాక ఒక్క వైరు ముట్టుకోకుండా నడిచింది. డబ్బాలో స్ప్రే చేసే తుప్పు వదిలించే నూనెలు ఇంకా ప్రమాదం. అవి మండుతాయి, పాయింట్ల దగ్గర నిప్పురవ్వ ఎగరడం మామూలే.

ఇప్పుడు ఫ్యూజు. ముందు ఏ ఫ్యూజు పోతోందో చూడండి. పక్కన కాగితం మీద రాసి ఉంటుంది, బల్బులకి ఒకటి, కాయిల్స్‌కి ఒకటి, మెయిన్ ఒకటి. రాసిన ఆంపియర్లే వేయండి. పెద్దది వేసినా, సిగరెట్ పెట్టె రేకు చుట్టినా ఫ్యూజు బదులు కాయిల్ కాలుతుంది, దాని తర్వాత చెక్క.

పదే పదే ఫ్యూజులు కొనే బదులు లారీ బల్బు పెట్టండి. 24 వోల్టులు, 21 వాట్లది, ఆటో ఎలక్ట్రికల్ షాపులో ఏ మూలైనా దొరుకుతుంది. దానికి రెండు వైర్లు టంకం పెట్టి, క్రొకడైల్ క్లిప్పులతో కాయిల్ ఫ్యూజు స్థానంలో తగిలించండి. గాట్లీబ్ మిషన్ల కాయిల్స్ 24 వోల్టుల దగ్గర నడుస్తాయి కాబట్టి ఒక బల్బు చాలు. 1970ల బ్యాలీ మిషన్లలో కాయిల్ వోల్టేజీ 50 ఉంటుంది, వాటికి రెండు బల్బులు ఒకదాని వెనక ఒకటి. ఆన్ చేయగానే బల్బు మసకగా వెలిగితే కంగారు లేదు, ఒకటి రెండు రిలేలు ఎప్పుడూ పట్టుకునే ఉంటాయి. నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు, లేదా ఒక కాయిల్ వదలకుండా లాగుతోంది. ఇక తీరిగ్గా వెతకండి. అంకెల చక్రాలుండే తల పెట్టెకీ కింది పెట్టెకీ మధ్య పెద్ద ప్లగ్గులు ఉంటాయి. మెయిన్ ప్లగ్ తీసి ఒక్కొక్కటే విప్పుతూ, మళ్ళీ ఆన్ చేసి చూస్తూ పొండి. ఏది విప్పాక బల్బు మసకబారిందో జబ్బు ఆ వైపు ఉంది. విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసి, ప్రతి ప్లగ్గుకీ తెల్ల టేపు మీద నంబరు రాసి అంటించండి.

ఆ వైపు తెలిశాక ముక్కు, కళ్ళు వాడండి. కాలిన కాయిల్ చుట్టూ కాగితం గోధుమ రంగుకి మారి ఉంటుంది, లోపలి ప్లాస్టిక్ గొట్టం ఉబ్బి ప్లంజర్ (అందులో కదిలే ఇనుప కడ్డీ) బిగుసుకుంటుంది. అనుమానం ఉన్న కాయిల్‌కి ఒక చివర వైరు విప్పి మల్టీమీటర్‌తో ఓంలు కొలవండి. ఎంత ఉండాలో తెలియకపోతే అదే మిషన్‌లో అదే నంబరున్న ఇంకో కాయిల్‌తో పోల్చండి. పక్కది 12 చూపిస్తే ఇది 3 చూపిస్తోందంటే లోపల చుట్లు కలిసిపోయాయి.

ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి. లావు తీగది బలంగా కొట్టడానికి, సన్న తీగది పట్టుకుని ఉంచడానికి. ఫ్లిప్పర్ పైకి లేవగానే చివర ఒక స్విచ్చు విడిపోయి కరెంటుని సన్న చుట్టు గుండా మళ్ళిస్తుంది. ఆ స్విచ్చు విడిపోకపోతే పిల్లలు బటన్ పట్టుకుని నిలబడ్డ అర నిమిషంలో కాయిల్ మాడిపోతుంది. పాయింట్లు మురికిగా ఉంటే లావు చుట్టుకి కరెంటు సరిగ్గా అందదు, ఫ్లిప్పర్ నీరసంగా లేస్తుంది. కాయిల్ బలహీనమైందని కొత్తది కొనేవాళ్ళు ముందు ఈ స్విచ్చు తుడిస్తే చాలాసార్లు డబ్బులు మిగులుతాయి.

కాయిల్ నిజంగానే కాలితే? అమెరికా నుంచి తెప్పించుకోవచ్చు, కానీ మన దగ్గర దానికన్నా మంచి దారి ఉంది. చెరువుల ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే మోటార్లు), బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపు లేని ఊరు భీమవరం చుట్టుపక్కల లేదు. వాళ్ళ చేతులు బంగారం. కాలిన కాయిల్ పారేయకుండా పట్టుకెళ్ళండి. బ్యాలీ, విలియమ్స్ కాయిల్ కాగితం మీద నంబరే కొలత చెబుతుంది. 23-750 అని ఉంటే 23 గేజి (తీగ మందం నంబరు) తీగ, 750 చుట్లు. ఇక్కడ ఒక మోసం ఉంది. అది అమెరికా గేజి. మన షాపుల్లో వాడేది ఎస్‌డబ్ల్యూజీ అనే బ్రిటిష్ గేజి. అమెరికా 23 గేజి తీగ మందం 0.57 మిల్లీమీటర్లు. మన 23 అయితే 0.61, మన 24 అయితే 0.56. కాబట్టి మీరు 24 అడగాలి. నేను మొదటిసారి ఇది తెలియక 23 చుట్టించాను, 750 చుట్లు ఆ గొట్టంలో పట్టలేదు. షాపాయన మైక్రోమీటర్‌తో పాత తీగ కొలిచి, తప్పు మీ నంబరుదండీ అని చెప్పాడు. అప్పట్నుంచి నంబరుతో పాటు తీగ ముక్క కూడా కొలిపిస్తాను. గాట్లీబ్ నంబర్లలో ఈ లెక్క ఉండదు, వాటికి చుట్లు విప్పి లెక్కపెట్టుకోవాల్సిందే.

కొన్ని మిషన్లలో ఫ్లిప్పర్లకీ బంపర్లకీ (తగిలిన బంతిని ఎగదన్నే గుండ్రటి దిమ్మలకి) డీసీ ఇచ్చారు. వాటి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ఉంటుంది. అది షార్టయినా ఆన్ చేయగానే ఫ్యూజు పోతుంది. కాయిల్స్ అన్నీ మంచివిగా తేలితే దాన్ని చూడండి.

ఇంకో కేసు చెప్పాలి, ఎందుకంటే మీరు ఇలాంటిదానిలో చిక్కుకుంటే వారాలు పోతాయి. ఆత్రేయపురం వైపు ఒక మిషన్, బంతి దొర్లే బల్ల పైకి లేపి చూస్తే అన్నీ పనిచేస్తాయి, దించి ఆడదామంటే కుడి ఫ్లిప్పర్ చచ్చిపోతుంది. నేను రెండు సాయంత్రాలు స్విచ్చులే తుడిచాను. చివరికి బల్ల మడత దగ్గర వంగే వైర్ల కట్టని వేళ్ళతో ఒక్కొక్కటే నులుముతూ పోతే, ఒక పసుపు వైరు లోపల మెత్తగా తగిలింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయింది. బల్ల లేపినప్పుడు రెండు కొసలు కలుస్తున్నాయి, దించితే విడిపోతున్నాయి. అంగుళం కోసి, టంకం పెట్టి, తొడుగు వేశాను. నా తొమ్మిది మిషన్లలో వైరు వల్ల వచ్చిన జబ్బు అదొక్కటే. అది కూడా ఒక్క వైరు.

మన డెల్టాకి ప్రత్యేకంగా కొన్ని ఉన్నాయి. వానాకాలం అయ్యాక పెద్ద ప్లగ్గుల ఇత్తడి పిన్నుల మీద పచ్చటి పొడి పేరుకుంటుంది. సముద్రానికి దగ్గరగా ఉంటే ఇంకా త్వరగా. ఏడాదికోసారి విప్పి తుడిచి పెడితే సగం లూజ్ కాంటాక్టులు పోతాయి. బల్లి గుడ్లు రిలే పక్కన పెడుతుంది, గుడ్డు పెంకు పాయింట్ల మధ్య పడితే అది ఏ మ్యాప్‌లోనూ దొరకని జబ్బు. ఎలకలకి తలపెట్టె వెనక చిల్లు మూయండి. చెరువులున్న ఊళ్ళలో రాత్రిళ్ళు ఏరియేటర్లన్నీ ఆన్ అయినప్పుడు వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు రిలేలు పూర్తిగా పట్టుకోలేక జుయ్యిమని మోగుతాయి, స్టెప్పర్లు ఒక మెట్టు తప్పుతాయి. పగలు బాగుండి రాత్రి పాడయ్యే మిషన్ అయితే ముందు గోడ సాకెట్‌లో వోల్టేజీ కొలవండి.

2022 జూలై వరదలో మునిగిన లంక గ్రామం నుంచి ఒక మిషన్ వచ్చింది. పెట్టె చెక్క మీద మోకాలెత్తున ఒండ్రు గీత స్పష్టంగా ఉంది. నీళ్ళు తోడి, ఎండబెట్టి నెలకి ఆన్ చేశారట, కింద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. గీతకి పైన ఉన్నదంతా బాగుంది. నీటిలో మునిగిన దేన్నీ ఎండిందని నమ్మి ఆన్ చేయకండి. స్టెప్పర్లు విప్పితే ఒండ్రు పలకల్లా రాలింది. మీ మిషన్ పాత సామాన్ల కొట్టు నుంచి వచ్చింది కాబట్టి అడుగు చెక్క మీద అలాంటి గీత ఉందేమో ఒకసారి చూడండి.

ఇంకొక్క జాగ్రత్త. ఇదంతా అంకెల చక్రాలు తిరిగే పాత రకానికి చెప్పాను. 1970ల చివర నుంచి అంకెలు వెలిగే డిస్‌ప్లేలు, లోపల బోర్డులు ఉన్న మిషన్లు వచ్చాయి. చదివేవాళ్ళలో ఎవరికైనా అలాంటిది ఉంటే స్విచ్చులకి ఫైల్ పెట్టకండి, వాటి పాయింట్ల మీద పల్చటి బంగారు పూత ఉంటుంది, గీస్తే పోతుంది. వాటిలో ముందు చూడాల్సింది బోర్డు మీది బ్యాటరీ కారిందా అని.

మీరు ఎర్త్ వేయించాక శుభలేఖ పట్టీలతో మొదలుపెట్టండి. మూడు సంగతులు రాసి పంపండి: ఏ ఫ్యూజు పోతోంది, ఏ చక్రం దగ్గర పట్టీ పెడితే మోటారు ఆగింది, తల పెట్టె లోపల అంటించిన కాగితం మీద కంపెనీ పేరు ఏమిటి. ఆ స్విచ్చుని పక్కనుంచి, టార్చి వెలుగులో, దగ్గరగా ఒక ఫోటో కూడా తీయండి. పత్తీలు కనిపిస్తే దేన్ని ఎటు వంచాలో చెప్పగలను. అప్పటిదాకా ప్లాస్ పక్కన పెట్టండి.